మైనస్ ముప్పైలో విద్యుత్ కారా, హైబ్రిడ్ కారా?

గోదారిగట్టు (ఎడ్మంటన్), అక్టోబరు 11

సభ్యులందరికీ నమస్కారం. మా పాత పెట్రోలు కారుకు పదమూడేళ్లు నిండాయి. ఇంకో చలికాలం దీనితో నెట్టుకురావడం కష్టమని మెకానిక్ చెప్పేయడంతో కొత్త కారు సంగతి ఈ నెలలోనే తేల్చుకోవలసి వచ్చింది. పూర్తి విద్యుత్ కారు కొనాలా, పెట్రోలు ఇంజినూ చిన్న బ్యాటరీ రెండూ ఉండే హైబ్రిడ్ కొనాలా అని ఇంట్లో మూడు వారాలుగా చర్చ నడుస్తోంది. హైదరాబాదులో ఉన్న మా బావమరిది విద్యుత్ కారు కొని రెండేళ్లయింది. ఫోను చేసినప్పుడల్లా “ఇంకా పెట్రోలు బంకు ముందే నిలబడుతున్నారా బావా?” అని ఎగతాళి చేస్తుంటాడు. అతని కారు ఇంతవరకు చూసిన గట్టి చలి పన్నెండు డిగ్రీలు. కెనడాలోని మా ఎడ్మంటన్‌లో జనవరిలో మైనస్ ముప్పై అంటే ఎవరూ తల తిప్పి కూడా చూడరు.

మా అవసరాలు ఇవి. నా ఆఫీసు ఊరికి అవతలి కొసన ఉంది కాబట్టి పోనురాను 56 కిలోమీటర్లు అవుతుంది. నా భార్య ఆసుపత్రిలో షిఫ్టుల్లో పనిచేస్తుంది. ఆమె రాత్రి పదకొండింటికి బయలుదేరే వారాలు కూడా ఉంటాయి. నెలకు ఒకసారైనా కాల్గరీలో ఉన్న మా అక్కయ్య ఇంటికి వెళ్తాం. అది ఒకవైపు 300 కిలోమీటర్లు. డిసెంబరులో రాజమండ్రి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. మేముండేది కాండోలో. పార్కింగ్ ఆరుబయటే కానీ, ఇంజిన్‌ను వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ తగిలించుకోవడానికి స్తంభం మీద ప్లగ్ ఉంది. ఇక్కడి చలిలో రెండు మూడేళ్లు కారు నడిపిన అనుభవం ఉన్నవారు చెబితే మేలు. కంపెనీ కాగితాల్లో ఉండే లెక్కలు నేనే చదువుకున్నాను.

మంచుబాట (ఎడ్మంటన్), అక్టోబరు 11

గోదారిగట్టు గారూ, నేను ఇదే ఊళ్లో విద్యుత్ కారుతో నాలుగు చలికాలాలు గడిపాను. నాది 77 యూనిట్ల బ్యాటరీ. వేసవిలో వంద కిలోమీటర్లకు 17 యూనిట్లు తాగే కారు, మైనస్ 25లో 30 యూనిట్ల దాకా తాగుతుంది. అంటే కాగితం మీద 430 కిలోమీటర్లు వెళ్లవలసిన బండి ఆ రోజుల్లో 240 దగ్గర అలసిపోతుంది. ఇది దాచవలసిన విషయమేమీ కాదు. కానీ నేను రోజూ తిరిగేది 60 కిలోమీటర్లు. 240లో 60 పోతే నాకు వచ్చే ఇబ్బంది ఏమిటి?

ఇక సుఖం సంగతి చెబుతాను. ఉదయం ఏడింటికి బయలుదేరతానని కారుకు చెప్పి పెడితే, గోడకు తగిలించి ఉండగానే ఆరున్నర నుంచి లోపల వెచ్చబడుతుంది, అద్దాల మీద మంచు కరిగిపోతుంది, బ్యాటరీ కూడా సిద్ధమవుతుంది. ఆ వేడికయ్యే కరెంటు ఇంటి మీటరు నుంచి వస్తుంది కాబట్టి రేంజి, అంటే ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లగల దూరం, తగ్గదు. మూసి ఉన్న గరాజులో పొగ భయం లేకుండా ఇలా చేసుకోవచ్చు. పెట్రోలు కారుతో ఆ పని చేస్తే ప్రాణానికే ముప్పు. కాల్గరీ వెళ్లేటప్పుడు రెడ్ డీర్‌లో ఆగి పాతిక నిమిషాలు ఛార్జింగ్ పెడతాను. పిల్లలు ఎలాగూ అక్కడ ఆగాలంటారు. నా ఓటు విద్యుత్ కారుకే.

ఎర్రనది (విన్నిపెగ్), అక్టోబరు 12

మంచుబాట గారు చెప్పినదంతా నిజమే, కానీ అది గరాజు ఉన్నవారి నిజం. ప్రశ్న అడిగినవారి కారు ఆరుబయట నిలబడుతుంది. ఆ తేడాతో లెక్క మొత్తం మారిపోతుంది కాబట్టి ముందు ఆ స్తంభం మీద ప్లగ్ సంగతి తేల్చుకోవాలి.

నాది మామూలు హైబ్రిడ్, ప్లగ్‌తో పని లేనిది. దానినీ ఆకాశానికెత్తను. వేసవిలో వంద కిలోమీటర్లకు 5.5 లీటర్లతో సరిపెట్టుకునే బండి జనవరిలో 8 లీటర్లకు తగ్గదు. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం కూడా మైనస్ 7 డిగ్రీల చలిలో, ఊళ్లో తిరిగినప్పుడు మామూలు పెట్రోలు కారు మైలేజీ 15 శాతం పడిపోతే హైబ్రిడ్‌ది 30 నుంచి 34 శాతం పడిపోతుంది. కారణం చిత్రంగా ఉంటుంది. హైబ్రిడ్ ఇంజిన్ పొదుపరి కాబట్టి వేడిని తక్కువగా వృథా చేస్తుంది. కారు లోపలికి వచ్చేది ఆ వృథా వేడే కదా! అందువల్ల మనకు వెచ్చదనం అందించడానికీ, పొగగొట్టంలోని శుద్ధి యంత్రాన్ని వేడిగా ఉంచడానికీ, ఎర్రలైటు దగ్గర ఆగిపోవలసిన ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. చలికాలంలో నా కారు పేరుకే హైబ్రిడ్.

అయినా దాన్ని వదులుకోను. విన్నిపెగ్ నుంచి థండర్ బేకి 700 కిలోమీటర్లు. కెనోరా, డ్రైడెన్ దాటాక గంటల తరబడి అడవి తప్ప మరేమీ కనిపించదు, చాలాచోట్ల ఫోను సిగ్నలు కూడా ఉండదు. ఆ దారిలో మూడు నిమిషాల్లో ట్యాంకు నింపుకొని కదలగలగడం మనసుకు ఇచ్చే నిబ్బరం వేరు.

విద్యుత్కణం (మిషిగన్), అక్టోబరు 12

వృత్తిరీత్యా బ్యాటరీలతో పనిచేస్తాను కాబట్టి, చలి ఏం చేస్తుందో కాస్త విడదీసి చెబుతాను. ఇక్కడ మూడు వేర్వేరు నష్టాలను కలిపేసి మాట్లాడుకుంటున్నాం.

మొదటిది బ్యాటరీలోనే జరుగుతుంది. లోపలి ద్రవం చిక్కబడి లిథియం అయాన్ల నడక మందగిస్తుంది, అంతర్గత నిరోధం పెరుగుతుంది. దీనివల్ల వాడుకోగల శక్తి కొంత తగ్గుతుంది కానీ అది శాశ్వత నష్టం కాదు, వెచ్చబడితే తిరిగి వస్తుంది. ప్రమాదం ఉన్నది ఛార్జింగ్‌లో. సున్నా కంటే చల్లగా ఉన్న బ్యాటరీలోకి వేగంగా కరెంటు తోస్తే, లిథియం గ్రాఫైటు పొరల్లోకి చొరబడలేక పైన లోహంగా పేరుకుంటుంది. అలా పోయిన సామర్థ్యం తిరిగి రాదు. అందుకే కారులోని నియంత్రణ వ్యవస్థ చలిలో ఛార్జింగ్ వేగాన్ని తానే తగ్గించేస్తుంది. బ్రేకు వేసినప్పుడు వెనక్కి రావలసిన శక్తిని కూడా అదే కారణంతో రానివ్వదు. ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీలకు ఈ ఇబ్బంది నికెల్ రకం కంటే ఎక్కువ. కొనేముందు ఏ రకమో అడగండి.

రెండవది హీటరు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో 5 విద్యుత్ కార్లను మైనస్ 6.7 డిగ్రీల దగ్గర పరీక్షించినప్పుడు, హీటరు ఆపి నడిపితే రేంజి 12 శాతం తగ్గింది, హీటరు వేసి నడిపితే 41 శాతం తగ్గింది. అంటే దొంగ బ్యాటరీలో కంటే హీటరులోనే ఎక్కువగా ఉన్నాడు. హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి తోడే యంత్రం) ఉన్న కార్లు కొద్దిపాటి చలిలో ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడిని లోపలికి తెస్తాయి కానీ, మైనస్ 20 దాటాక ఆ లాభం చాలావరకు కరిగిపోయి అవి కూడా మామూలు హీటరు స్థాయికి దిగుతాయి. ఎడ్మంటన్‌లో హీట్ పంప్ నవంబరులోను, మార్చిలోను మీ డబ్బు ఆదా చేస్తుంది, జనవరి నడిమధ్యలో అంతగా చేయదు.

మూడవదాన్ని ఎవరూ పట్టించుకోరు. అది గాలి. మైనస్ 20లో గాలి 20 డిగ్రీల నాటి కంటే సుమారు 16 శాతం బరువుగా ఉంటుంది. హైవే మీద దాన్ని చీల్చుకుని వెళ్లాలి. వింటర్ టైర్ల రాపిడి దీనికి అదనం. ఈ నష్టం హైబ్రిడ్‌కూ, మామూలు పెట్రోలు కారుకూ సమానమే. పెట్రోలు కారు ఎప్పుడూ మూడింట రెండు వంతుల శక్తిని వేడిగా పారబోస్తూనే ఉంటుంది కాబట్టి చలికాలపు అదనపు ఖర్చు అందులో కొట్టొచ్చినట్టు కనిపించదు, అంతే.

ఇక ఎర్రనది గారు అడిగిన ప్లగ్ సంగతి. ఇక్కడి మామూలు ప్లగ్ 120 వోల్టులు, 12 ఆంపియర్లు, అంటే 1.44 కిలోవాట్లు. పది గంటలు తగిలిస్తే 14 యూనిట్లు. గోదారిగట్టు గారి రోజువారీ 56 కిలోమీటర్లకు, మంచుబాట గారి లెక్కన మైనస్ 25లో 17 యూనిట్లు కావాలి. పైగా ఆరుబయట గడ్డకట్టిన బ్యాటరీని వెచ్చగా ఉంచుకోవడానికే కారు ఆ 14లో కొంత మింగుతుంది. రోజూ కొంత లోటు పడుతూ, వారాంతానికల్లా ఫాస్ట్ ఛార్జరు వెతుక్కోవలసి వస్తుంది.

గోదారిగట్టు (ఎడ్మంటన్), అక్టోబరు 13

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం కాండో నిర్వాహకుడిని కలిశాను. ఆయన చెప్పినది విని నీరుగారిపోయాను. మా స్తంభం మీద ఉన్న లైనును రెండు పార్కింగ్ స్థలాలు పంచుకుంటాయట. కరెంటు కూడా నిరంతరం రాదు. ఉష్ణోగ్రతను బట్టి కాసేపు ఇస్తూ కాసేపు ఆపుతూ ఉండే యంత్రం బిగించారట. బ్లాక్ హీటరుకు అది చాలు, కారు బ్యాటరీకి చాలదు. విద్యుత్కణం గారి 14 యూనిట్లు మా దగ్గర 7 అవుతాయి. 240 వోల్టుల లైను కోసం కాండో బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చు, నవంబరు సమావేశంలో చూస్తామన్నారు.

ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (కాస్త పెద్ద బ్యాటరీతో, ప్లగ్‌కు తగిలించి ఛార్జింగ్ చేసుకోగల హైబ్రిడ్) మధ్యేమార్గం అవుతుందా? నార్వేలో అందరూ విద్యుత్ కార్లే కొంటున్నారని బావమరిది రోజూ ఒక వీడియో పంపుతున్నాడు. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదు?

ఉత్తరధ్రువం (ఓస్లో), అక్టోబరు 13

నార్వే పేరెత్తారు కాబట్టి నేను మాట్లాడక తప్పదు. మీ బావమరిది గారు చెప్పింది నిజమే. 2024లో ఇక్కడ అమ్ముడైన కొత్త కార్లలో 88.9 శాతం పూర్తి విద్యుత్ కార్లు. ఆఫీసు పార్కింగులో పెట్రోలు కారు కనిపిస్తే ఎవరో చుట్టం వచ్చినట్టు చూస్తాం. కానీ ఆ అంకె వెనుక రెండు సంగతులు ఉన్నాయి.

మొదటిది చలి. నార్వే అనగానే హిమఖండం అనుకుంటారు గానీ సముద్రం పుణ్యమా అని ఓస్లో జనవరి సగటు మైనస్ 2, 3 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మినియాపొలిస్‌లో అది మైనస్ 9, విన్నిపెగ్‌లో మైనస్ 16. మీ ఊరి వాళ్లు మా చలిని చూసి నవ్వుతారు. ఉత్తరాన ఫిన్‌మార్క్ లోపలి ఊళ్లలో మైనస్ 40 చూస్తారు, అక్కడా విద్యుత్ కార్లు తిరుగుతున్నాయి కానీ అక్కడ జనమే తక్కువ.

రెండవది డబ్బు. 2001 నుంచి 2022 దాకా విద్యుత్ కార్లకు విలువ ఆధారిత పన్నును పూర్తిగా మినహాయించారు. పెట్రోలు కార్ల మీద కొనుగోలు పన్ను మోత మోగించారు. చాలా ఇళ్లు విడివిడిగా ఉంటాయి కాబట్టి ప్లగ్ సొంతం, కరెంటు జలపాతాలది. ఇక్కడిదాకా రావడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఇక్కడి ఆటోమొబైల్ సమాఖ్య ఏటా చలికాలంలో కార్లను ఆగిపోయేదాకా నడిపి పరీక్షిస్తుంది. ఒక్కో కారుకు నష్టం పది శాతం లోపు ఉంటే, మరో కారుకు ముప్పై శాతం దాకా ఉంటుంది. అందుచేత “విద్యుత్ కారు చలిలో ఎంత తగ్గుతుంది” అని అడగడం కంటే “ఈ విద్యుత్ కారు ఎంత తగ్గుతుంది” అని అడగడం మంచిది.

పాలపిట్ట (మినియాపొలిస్), అక్టోబరు 14

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ నడుపుతున్నాను కాబట్టి ఆ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. నాది 18 యూనిట్ల బ్యాటరీ, కరెంటు మీద 68 కిలోమీటర్లు వెళ్తుందని చెప్పి అమ్మారు. మే నెలలో 75 కూడా వెళ్లాను. మైనస్ 15లో 42 వెళ్తుంది, అదీ ఇంజిన్ మేలుకోకుండా ఉంటేనే. మైనస్ 10 దాటాక హీటరు వేస్తే చాలు, బ్యాటరీ నిండుగా ఉన్నా ఇంజిన్ దానంతట అదే మొదలవుతుంది. అప్పుడు వస్తుంది చూడండి కడుపుమంట, రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పొద్దున్నే పెట్రోలు కాలుస్తున్నానే అని! కొన్ని మోడళ్లలో కారు లోపలికి విద్యుత్ హీటరే ఉండదు, వేడి కావాలంటే ఇంజిన్ తిరగవలసిందే. టెస్ట్ డ్రైవు వేసవిలో ఇస్తారు కాబట్టి ఇది ఎవరికీ తెలియదు. షోరూములో పట్టుబట్టి అడగండి.

అయినా మా ఇంటికి ఇదే సరిపోయింది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పెట్రోలు బంకు ముఖం చూడను. చలికాలంలో అది బరువైన మామూలు హైబ్రిడ్ అనుకుని నడుపుతాను. కానీ గోదారిగట్టు గారూ, ఆ 18 యూనిట్లు నింపడానికి మామూలు ప్లగ్ మీద పన్నెండు గంటలు పడుతుంది. మీ ప్లగ్ సగం సేపే పనిచేస్తే మీకు పూర్తి విద్యుత్ కారుకు వచ్చే చిక్కే దీనికీ వస్తుంది. ఎక్కువ డబ్బు పోసి కొన్న బ్యాటరీని ఊరికే మోసుకు తిరుగుతారు.

ఇంకో మాట. అత్తగారు, మామగారు తెనాలి నుంచి వచ్చిన ఏడు మా కారులో హీటరు 26 డిగ్రీల కంటే దిగలేదు. శాలువా, స్వెటరు, మంకీ టోపీ అన్నీ ఉన్నా “అద్దంలోంచి చలి వస్తోందమ్మా” అనేవారు. సీటు వెచ్చబెట్టే మీట చూపించిన తరువాత పరిస్థితి కుదుటపడింది. సీటు హీటరు వంద వాట్ల లోపు తింటుంది, కారంతా వేడిచేసే హీటరు నాలుగు వేల వాట్లు తింటుంది. రాజమండ్రి అతిథులు వచ్చినరోజే వారికి ఆ మీట చూపించండి.

బాదంచెట్టు (నేపర్‌విల్), అక్టోబరు 14

2024 జనవరిలో షికాగోలో జరిగినది ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. మైనస్ 18 కంటే దిగిన ఆ రోజుల్లో ఛార్జింగ్ స్టేషన్ల ముందు కార్లు బారులు తీరాయి, కొన్ని అక్కడే నిలిచిపోయాయి. ఆ వరుసలో నేను మూడు గంటలు ఉన్నాను. “విద్యుత్ కార్లు చలికి చచ్చిపోయాయి” అని టీవీలు ఊదరగొట్టాయి. నేను కళ్లారా చూసినది వేరు. నా ముందున్నవారిలో ఎక్కువమందికి ఇంట్లో ప్లగ్ లేదు, చాలామంది టాక్సీలు తిప్పుకునేవారు. బ్యాటరీ పది శాతానికి దిగేదాకా తిరిగి, గడ్డకట్టిన బ్యాటరీతో వచ్చారు. గమ్యంగా ఛార్జింగ్ స్టేషన్‌ను కారుకు ముందే చెబితే దారిలోనే బ్యాటరీని వెచ్చబరచుకుంటుందని వారిలో చాలామందికి తెలియదు. చల్లని బ్యాటరీతో తగిలించడం వల్ల అరగంట పని గంటన్నర పట్టింది, వెనుకవారు వేచి ఉండి ఉన్న కాస్త శక్తినీ హీటరుకు ఖర్చుపెట్టారు, కొన్ని ఛార్జర్లు పనిచేయలేదు. అలా గొలుసుకట్టుగా ముదిరింది.

ఇంట్లో 240 వోల్టుల లైను ఉన్న మా పక్కింటాయన ఆ వారమంతా అదే మోడల్ కారులో మామూలుగా ఆఫీసుకు వెళ్లొచ్చారు. నేను అప్పటికి అపార్ట్‌మెంటులో ఉండేవాడిని.

ఎర్రనది (విన్నిపెగ్), అక్టోబరు 15

నా భయం వేరే ఉంది. హైవే మీద మంచు తుఫానులో ఇరుక్కుంటే? 2022 జనవరిలో వర్జీనియాలో ఐ-95 మీద ఒక రాత్రంతా, కొందరు ఇరవై నాలుగు గంటల దాకా కార్లలోనే ఉండిపోయారు. పక్కన పిల్లలుంటే బ్యాటరీ శాతం చూస్తూ కూర్చోగలమా?

మంచుబాట (ఎడ్మంటన్), అక్టోబరు 15

ఎర్రనది గారూ, ఆ భయం నాకూ ఉండేది కాబట్టి కిందటి జనవరిలో ఇంటి ముందు పరీక్షించి చూశాను. మైనస్ 18లో, లోపల 20 డిగ్రీలు పెట్టుకుని కూర్చుంటే గంటకు సుమారు 2 యూనిట్లు ఖర్చయింది. 40 యూనిట్లు మిగిలి ఉంటే ఇరవై గంటలు. పెట్రోలు కారు ఖాళీగా తిరిగినా గంటకు లీటరుకు కాస్త తక్కువ తాగుతుంది కాబట్టి సగం ట్యాంకుతో అంతకంటే ఎక్కువసేపే గడుస్తుంది, ఒప్పుకుంటాను. హైబ్రిడ్ అయితే ఇంజిన్‌ను ఆపుతూ నడుపుతుంది కాబట్టి ఇంకా మేలు. అయితే పొగగొట్టం చుట్టూ మంచు పేరుకుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. అందుచేత మీరు గంటకోసారి దిగి పార పట్టవలసి ఉంటుంది. నాకు ఆ పని లేదు. రెండింటిలోనూ దుప్పట్లు పెట్టుకోవలసిందే.

ఖర్చు కూడా అడిగేస్తారు కాబట్టి చెబుతున్నాను. మా ఇంట్లో అన్ని చార్జీలూ కలిపి యూనిట్ సుమారు 18 సెంట్లు పడుతోంది. ఏడాదికి 15,000 కిలోమీటర్లు, చలికాలం వేసవికాలం కలిపి, ఛార్జింగ్ నష్టాలతో సహా వందకు 25 యూనిట్లు అనుకుంటే 675 డాలర్లు. హైబ్రిడ్ సగటున 6.5 లీటర్లు తాగితే, లీటరు 1.35 చొప్పున 1,316 డాలర్లు. తేడా 640. అందులోంచి మా ఆల్బర్టా రాష్ట్ర ప్రభుత్వం 2025 నుంచి విద్యుత్ కార్ల మీద వేసిన 200 డాలర్ల వార్షిక పన్ను తీసేస్తే 440 మిగులుతుంది. ఇంటి ప్లగ్ ఉన్నవారి లెక్క ఇది. ఫాస్ట్ ఛార్జర్ల మీదే బతికేవారికి ఆ 440 మిగలకపోవచ్చు.

విద్యుత్కణం (మిషిగన్), అక్టోబరు 16

హైబ్రిడ్ వైపు మొగ్గేవారికి రెండు జాగ్రత్తలు చెబుతాను. చలిలో ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలే చేస్తుంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, కాలని పెట్రోలు కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. వారానికి ఒకసారైనా అరగంట హైవే మీద నడిపితే అది ఆవిరైపోతుంది; ఆయిల్ మార్పు గడువును చలికాలంలో పొడిగించకండి. రెండవది ఉప్పు. రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగుభాగాన్నంతా తింటుంది, వెనుక మోటారుకు వెళ్లే అధిక వోల్టేజి తీగల జోడింపుల దగ్గర తుప్పు పడితే మరమ్మతు ఖరీదు గుండె ఆగేంత ఉంటుంది. వారంటీలో ఆ భాగం ఉందో లేదో కాగితం మీద చూసుకోండి. ఉప్పు బెడద విద్యుత్ కార్లకు లేదనడం లేదు.

పాలపిట్ట (మినియాపొలిస్), అక్టోబరు 16

ఇంతమంది ఇన్ని చెప్పాం గానీ మొదటి టపాలో ఒక వాక్యాన్ని అందరమూ దాటేశాం. ఆయన భార్య రాత్రి పదకొండింటికి కారు తీసుకుని వెళ్లే వారాలు ఉన్నాయన్నారు. ఆ వారాల్లో కారు రాత్రిపూట ఇంటి దగ్గర ఉండనే ఉండదు. పగలు ఆయన ఆఫీసుకు తీసుకెళ్తారు. బోర్డు 240 వోల్టుల లైను ఇచ్చినా అది ఎప్పుడు తగిలిస్తారు?

గోదారిగట్టు (ఎడ్మంటన్), అక్టోబరు 16

పాలపిట్ట గారూ, నేనే రాసి నేనే మరిచిపోయాను. ఈ వాక్యం మా ఆవిడకు చదివి వినిపిస్తే “మూడు వారాలుగా నేను చెబుతున్నది అదే” అంది. 240 వోల్టులయితే సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా ఐదు గంటలు చాలు, 35 యూనిట్ల దాకా ఎక్కుతుంది. మామూలు ప్లగ్ అయితే కుదరదు. బోర్డు జవాబు చూసి రాస్తాను.

గోదారిగట్టు (ఎడ్మంటన్), నవంబరు 22

బోర్డు సమావేశం జరిగింది. భవనానికి వచ్చే మొత్తం విద్యుత్ సామర్థ్యాన్ని ముందు లెక్కగట్టించాలనీ, ఒక్కరికి ఇస్తే రేపు పదిమంది అడుగుతారనీ, వచ్చే ఏడాది బడ్జెట్‌లో చూస్తామనీ అన్నారు. వారి మాటలో అన్యాయం లేదు, కానీ మా పాత కారు వచ్చే ఏడాది దాకా ఆగదు. మామూలు హైబ్రిడ్ తీసుకున్నాం, నాలుగు చక్రాల డ్రైవుతో. వింటర్ టైర్లు వేయించాను.

మంచుబాట (ఎడ్మంటన్), నవంబరు 22

శుభాకాంక్షలు. ఓడిపోయానని ఒప్పుకోను గానీ మీ పార్కింగులో నేను ఉంటే నేనూ అదే చేసేవాడిని. అర్జీని మాత్రం వదలకండి. తరువాత వచ్చేవారికైనా ఉపయోగపడుతుంది.

గోదారిగట్టు (ఎడ్మంటన్), జనవరి 25

కొత్త హైబ్రిడ్‌తో రెండు నెలల అనుభవం రాస్తున్నాను. డిసెంబరు రెండవ వారం నుంచి ఇప్పటిదాకా సగటు 8.1 లీటర్లు వచ్చింది. ఎర్రనది గారు చెప్పినదానికి దశాంశం తేడా. మైనస్ 33 ఉన్న ఉదయం బ్లాక్ హీటరు తగిలించి ఉండటం వల్ల మొదటి ప్రయత్నంలోనే కదిలింది కానీ, లోపల వెచ్చబడటానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. అప్పటికి ఆఫీసు దారిలో సగం అయిపోయింది. ఆ పద్దెనిమిది నిమిషాల్లో మంచుబాట గారి గరాజును తలచుకోని క్షణం లేదు. కాల్గరీకి రెండుసార్లు ఆగకుండా వెళ్లాం. నాన్నగారికి సీటు హీటరు మీట మొదటిరోజే చూపించాను. ఆయన ఇప్పుడు దాన్ని “కుంపటి” అంటున్నారు, అది వేయనిదే కారు కదలనివ్వడం లేదు.

పచ్చగడప (సస్కటూన్), జనవరి 26

కొత్త సభ్యుడిని. చర్చంతా చదివాను. మా అపార్ట్‌మెంటులో భూగర్భ పార్కింగ్ ఉంది, హీటింగు ఉంటుంది, ఎప్పుడూ పది డిగ్రీల కంటే దిగదు. నా స్థలం దగ్గర గోడకు మామూలు ప్లగ్ ఉంది. రోజుకు 25 కిలోమీటర్లకు మించి తిరగను, ఊరు దాటేది ఏడాదికి రెండుసార్లు. గోదారిగట్టు గారిలాగే హైబ్రిడ్ తీసుకోమంటారా?

గోదారిగట్టు (ఎడ్మంటన్), జనవరి 26

వద్దండీ, మీ పరిస్థితి నాకు పూర్తిగా తలకిందులుగా ఉంది. మీ కారు రాత్రంతా పది డిగ్రీల వెచ్చదనంలో పడుకుంటుంది, ఉదయం బ్యాటరీ చల్లబడి ఉండదు. 25 కిలోమీటర్లకు మైనస్ 25లోనైనా ఎనిమిది యూనిట్ల లోపే సరిపోతుంది, దాన్ని మామూలు ప్లగ్ ఆరు గంటల్లో నింపుతుంది. మీ స్థానంలో నేనుంటే విద్యుత్ కారు తీసుకుని, ఏడాదికి ఆ రెండు ప్రయాణాలకు ఛార్జరు దగ్గర ఆగుతాను. కాకపోతే నాలాగా మోసపోకుండా, ఆ ప్లగ్‌కు ఉన్న బ్రేకరు ఎన్ని ఆంపియర్లదో, అదే లైను మీద ఇంకెవరి ప్లగ్‌లు ఉన్నాయో, కారు ఛార్జింగ్‌కు భవనం వారు అనుమతిస్తారో లేదో ముందు కనుక్కోండి.

పచ్చగడప (సస్కటూన్), జనవరి 27

అడిగాను. 15 ఆంపియర్ల బ్రేకరు, నా స్థలానికి ఒక్కదానికే. అనుమతి ఉంది గానీ నెలకు కొంత రుసుము కట్టమన్నారు. వారాంతంలో హీట్ పంప్ ఉన్న రెండు మోడళ్లు చూడబోతున్నాను. బ్యాటరీ ఏ రకమో కూడా అడుగుతాను.